కెంబుకీ ఒడాకీకీ జోడీ లేదు

మా పాప నర్సరీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ రెక్కల్లా చాచి "ఉరుమూ!" అని అరిచింది. అరిచి, సోఫా మీది దిండును ఒక్క తన్ను తన్నింది. దిండు కిందపడ్డాక దాని పక్కన కూర్చుని, వంగి చూసి, "దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

ఆ తన్ను చూసి కసరబోయాను. పిల్ల ఏం తిన్నా, ఏ మాట నేర్చినా దాని వెనక ఏదో ప్రమాదం ఉందేమోనని వెతికే తల్లిని నేను. కానీ ఆ తర్వాతి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. తన్నడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు. తన్నాక అలా అడగడం ఎక్కడ నేర్చుకుంది?

"ఎవరు నేర్పారమ్మా?" అంటే, "ముసలయ్య మామ గదిలో" అంది.

నేను కిరందుల్‌లో ఇనుప ఖనిజాన్ని పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టుని. మా టౌన్‌షిప్ షాపింగ్ కాంప్లెక్స్ వరండాలోనే నర్సరీ ఆయా పిల్లల్ని ఆటో కోసం నిలబెడుతుంది. ఎదురుగా షట్టర్ ఎత్తి ఉన్న ఒక గది. ఒకప్పుడు సైకిళ్ళు బాగుచేసిన చోటు. ఇప్పుడు అందులో ఒక పెద్ద టీవీ, దాని కింద ఆటల యంత్రం, రెండు రిమోట్లు, ఒక బల్ల. డబ్బిచ్చి ఆడేవాళ్ళు బల్ల మీద, చూసేవాళ్ళు నేల మీద. ఆ గదిలో వీడియో గేమ్ ఆడిస్తారని తెలుసుగానీ ఎప్పుడూ లోపలికి తొంగిచూడలేదు.

మర్నాడు పని అవగానే వెళ్ళాను. గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషికి ముప్పై అయిదు దాటి ఉండవు.

"ముసలయ్యగారంటే..."

"నేనే మేడం. ముసలితనం ఇంకా రాలే, పేరు ముందొచ్చింది. మా తాత పేరు."

నేను కొంచెం కటువుగానే అడిగాను, చిన్నపిల్లలకి మీరు చూపిస్తున్న ఆట ఏమిటని. అతను తడుముకోలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నవాడిలా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

అది జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్ ఒకదాన్ని పట్టుకుని చేసిన కొట్లాట ఆట. సీరియల్ హిందీ మాటలతో టీవీలో చాలాకాలం వచ్చింది. ఇక్కడి కుర్రాళ్ళు దాన్ని 'ఉరుముల కొండ' అంటారు. కొండ మీది కోట కోసం వీరులు పోట్లాడుకునే కథ. కెంబు అనే కుర్రాడు కర్ర తిప్పితే మెరుపు పుడుతుంది. అడవిలో దొరికిన ఆ కుర్రాణ్ణి పెంచి విద్య నేర్పిన ముసలి గురువు ఒడాకీ. గొడుగే ఆయుధంగా తిరిగే అమ్మాయి షిజు. ముసలయ్య ఒక్కో మనిషి పుట్టుక నుంచి మొదలుపెట్టి చెబుతుంటే, నేను వచ్చిన పని మరిచి అరగంట నిలబడిపోయాను.

"సీరియల్ అంతా చూశారా?"

"ఒక్క రోజు కూడా చూడలే."

"మరి ఇదంతా?"

"ఈ బల్ల మీద కూసున్నోళ్ళు తిట్టుకుంటరు గద మేడం, అది ఇనుకుంట నేర్చుకున్న. కెంబు చెల్లెలు బతికుందో చచ్చిందో ఇప్పటికీ నాకు తెల్వదు. పొద్దుగాల వచ్చేటోళ్ళు బతికిందంటరు. సాయంత్రం వచ్చేటోళ్ళు లేదంటరు."

ఆడటం కూడా అతనికి రాదు. పిల్లలు సైతం అతన్ని రెండు నిమిషాల్లో పడగొడతారు. నాకు కుతూహలం అక్కడే పుట్టింది. కథ చూడని, ఆట రాని మనిషి ఈ గదిలో చేస్తున్నదేమిటి?

అతనిది కొంటా దగ్గర, శబరి ఒడ్డు పల్లె. నాన్న కాశయ్య వ్యవసాయ కూలీ, మిరపకోతల కాలంలో భద్రాచలం వైపు దాటేవాడు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, సంతలో గోండీ, బడిలో హిందీ. వయసొచ్చాక ముసలయ్యకి వారపు సంతల్లో కోడిపందేల దగ్గర ఒక పని దొరికింది. జోడీ కట్టే పని. ఇద్దరు యజమానులు తమ పుంజుల్ని చంకలో పెట్టుకుని వస్తారు. జోడీ కట్టేవాడు రెండింటినీ ఎదురెదురుగా పట్టించి, ఒడ్డూ పొడుగూ చూసి, మెడ ఈకలు లేస్తున్నాయో లేదో చూస్తాడు. అతను కుదిరిందంటే బరిలోకి వదులుతారు. కుదరలేదంటే ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. వద్దన్నందుకు ఎవరూ ఎగతాళి చేయరు.

కొన్నేళ్ళకి అది మానేసి గనులకొచ్చాడు. ఖనిజాన్ని పగలగొట్టి జల్లించే ప్లాంటులో కాంట్రాక్టు పని. కాంట్రాక్టరు మారాక ఆ పనీ పోయింది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజినీరు ఈ యంత్రాన్నీ, ఈ ఒక్క ఆటనీ ఇచ్చి వెళ్ళాడు.

"ఇంకో ఆట తేలేదా?" అన్నాను.

"తెద్దామనుకున్న. ముందు దీని మీద తగాదా తెగాలె గద."

తగాదా ఏమిటో తెలుసుకోవాలనిపించింది. కుప్పలో ఒక్కచోట తీసిన మట్టిని పరీక్షించి మొత్తం ఖనిజం గురించి చెప్పకూడదని మా ల్యాబ్‌లో మొదటిరోజే నేర్పుతారు. అందుకని వేర్వేరు వేళల్లో వెళ్ళి, ఆడేవాళ్ళ మాటలు విన్నాను.

డంపర్ నడిపే భీమా ఆ సీరియల్ అంటే ప్రాణం పెడతాడు. ఆట మాత్రం అతనికి సగమే నచ్చింది. "బొమ్మలు బిల్కుల్ అవే. గొంతులూ అవే. కానీ దెబ్బకి బరువు లేదు దీదీ. ఒడాకీ చెయ్యి వేస్తే కొండ కదలాలి. ఇక్కడ దోమని కొట్టినట్టుంది."

ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకుంటున్న సోమ్లీ షిజుని తప్ప ఎవరినీ తీసుకోదు. "షిజుకి అన్యాయం చేసిన్రక్కా. ఆమె గొడుగు తెరిస్తే గాలిలోకి లేస్తది. ఈళ్ళు ఏం చేసిన్రు? దాన్ని ఉత్త కర్ర చేసిన్రు."

డిగ్రీ చదివే సన్న సీరియల్ మొహమే చూడలేదు. "కథతో పనేంటక్కా? బటన్ నొక్కితే బొమ్మ వెంటనే కదలాలి. ఇందులో కదులుద్ది. ఇంతకంటే మంచి ఆట నేను ఆడలేదు. వీళ్ళు ఏడుస్తూ ఆడతారు, నేను నవ్వుతూ ఆడతా."

ఒకే వస్తువు మీద ఇన్ని రకాల ఫలితాలు వస్తే ల్యాబ్‌లో పరికరాన్ని అనుమానిస్తాం. ఇక్కడ అనుమానించడానికి ఏమీ లేదు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు.

ఆ గది నియమాలు రెండు కూడా అప్పుడే తెలిశాయి. గెలిచినవాడు రిమోట్ దించి, ఓడినవాణ్ణి "దెబ్బ తగిలిందా?" అని అడగాలి. తగిలిందంటే ఓడినవాడికి మరో ఆట. మా పాప ప్రశ్న అక్కడిదే. రెండోది, ఎవరు ఎవరితో ఆడాలో ముసలయ్య చెబుతాడు. కొత్తవాడి పక్కన భీమాని కూర్చోబెట్టడు. ఎన్ని జోడీలైనా కడతాడుగానీ, కెంబునీ ఒడాకీనీ మాత్రం ఒకరి మీదికి ఒకర్ని వదలనివ్వడు.

"ఆట ఒప్పుకుంటదిగా?" అని సన్న ఎన్నిసార్లో వాదించాడట.

"ఆట ఒప్పుకుంటది. నేను ఒప్పుకోను. ఒక ఇంట్ల పెరిగిన పుంజుల్ని ఏ సంతల జోడీ కడతర్రా?"

ఇదిలా ఉండగా మా కాలనీ మహిళా సంఘం ఆ గది సంగతి ఎత్తుకుంది. సంఘానికి పెద్ద తిరుపతమ్మగారు. విజయనగరం వైపు మనిషి, ఫోర్‌మన్ భార్య, కాలనీలో కుట్టు కేంద్రం నడుపుతారు. పిల్లలు బడి ఎగ్గొట్టి అక్కడ చేరుతున్నారనీ, తన్నుకోవడం నేర్చుకుంటున్నారనీ తల్లులు ఆవిడకి మొరపెట్టుకున్నారు. గదిని ముసలయ్యకిచ్చింది టౌన్‌షిప్ ఆఫీసు. తల్లులంతా వద్దంటే ఆఫీసు తిరిగి తీసేసుకుంటుంది. అప్పుడు అతనికి ఈ ఊళ్ళో మరో ఆధారం లేదు, సామాను సర్దుకుని కొంటా బస్సెక్కాల్సిందే.

సంఘం సమావేశంలో నేనూ ఉన్నాను. మూయించాలో వద్దో నాకే తేలక నోరు మూసుకున్నాను. చివరికి తిరుపతమ్మగారే, "సూడకుండా మూయించీడం నాయం కాదు. అందరికీ సెలవున్న రోజు యెల్లి, ఆ ఆటేటో సూసి, అక్కడే తేల్చీద్దాం" అన్నారు. గనుల ఊళ్ళో షిఫ్టులతో పని లేకుండా అందరికీ కలిసొచ్చే సెలవు ఒకటే, విశ్వకర్మ పూజ. కబురు తెలియగానే ముసలయ్య సంతోషంగా సరేనన్నాడు.

విశ్వకర్మ పూజనాడు మా ఊరు వేరేగా ఉంటుంది. గని మీదికి కుటుంబాల్ని రానిస్తారు. ఇంటంత డంపర్ల ముక్కుకి బంతిపూల దండలు, అద్దాల మీద పసుపు కుంకుమలు. ప్రసాదాల వాసన కొండ దిగువ దాకా వస్తుంది. ఒక్కటే పట్టింపు. పూజ అందుకున్న పనిముట్టుని మర్నాడు పొద్దున మరో కొబ్బరికాయ కొట్టేదాకా ముట్టుకోకూడదు. ఆ ఒక్కరోజు అది విశ్రాంతి తీసుకోవాలి.

సాయంత్రం జల్లు పడుతుండగా తల్లులందరం గొడుగులేసుకుని గదికి వెళ్ళాం. ముసలయ్య గడపలో నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. టీవీకి బంతిపూల దండ. ఇత్తడి పళ్ళెంలో రెండు రిమోట్లు, వాటి మీద గంధం, కుంకుమ బొట్లు, పక్కన కొట్టిన కొబ్బరికాయ.

"ఏటయ్యా, పెట్టు ఆట" అన్నారు తిరుపతమ్మగారు.

"అమ్మా... పూజ చేసేసిన."

"సేస్తే?"

"పూజ ఓదిక్కు, మీరొచ్చుడు ఓదిక్కు మతిల పెట్టుకున్న. రెండూ ఒక్కరోజే అని అగరొత్తి ముట్టిచ్చినంక యాదికొచ్చింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "బొమ్మలాటక్కూడా విశ్వకర్మ పూజేటి?" అందొకావిడ.

"నా డంపర్‌కి చేస్తే దీనికెందుకు చెయ్యకూడదు?" అన్నాడు గోడకానుకుని ఉన్న భీమా. "ఇదీ మషీనే. దీని మీద ఈయన రొట్టె తింటున్నాడు."

తిరుపతమ్మగారు పళ్ళెం వైపు చూశారు. ఆ పొద్దునే ఆవిడ తన కేంద్రంలో కుట్టుమిషన్లకి పూజ చేసి, జాకెట్టుకి ఒక్క కుట్టు వేసుకుంటానన్న పిల్లని కసిరి పంపారు. ఇప్పుడు ముసలయ్యని యంత్రం తిప్పమనడం ఆవిడ వల్ల కాదు. వెనక్కి పోదామా అంటే, అందరూ ఇలా కలిసే సెలవు మళ్ళీ ఏడాదికి గానీ రాదు.

"సరే. సూపించలేకపోతే సెప్పండి. నోటితోటే సెప్పండి. ఇందులో అంత ఏటుందో" అని బల్ల మీద కూర్చున్నారు.

భీమా పక్కనున్న సోమ్లీ ముందుకొచ్చి, గోడకానించిన ఎవరిదో తడి గొడుగు తీసి, "చూడండత్తా, షిజు ఇట్ల నిలబడ్తది..." అంటూ ఫట్టుమని తెరిచింది. గదిలో అందరి మీదా నీళ్ళు పడ్డాయి.

"ఓలమ్మో! సీరలు తడిపీసింది!"

"అదే అత్తా షిజు దెబ్బ! ఆటల ఇది లేదు. ఇది తీసేసిన్రు!"

అక్కణ్ణుంచి ఎవరూ ఆగలేదు. భీమా టీవీ ముందు నిలబడి ఒడాకీ నడక నడిచి చూపించాడు. సన్న గాలిలో వేళ్ళు ఆడిస్తూ ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో చెప్పాడు.

"నువ్వేటి సదువుతున్నావు?" అన్నారు తిరుపతమ్మగారు.

"బీఎస్సీ, ఆంటీ."

"ఈ సేతి యేళ్ళు రికార్డు రాయడానికి కూడా ఇలాగే ఆడతాయా?"

భీమా పగలబడి నవ్వాడు. సన్న మొహం మాడ్చుకుని, కసి ఎలా తీర్చుకోవాలో తెలియక, పాత తగాదా ఎత్తాడు. "మీరే చెప్పండాంటీ. కెంబు, ఒడాకీ ఇద్దరే ఈ ఆటలో మొనగాళ్ళు. వాళ్ళిద్దర్నీ ఆడనివ్వడీయన. ఇదెక్కడి న్యాయం?"

"అరే, గురువుని కొడతావా?" భీమా గోడ వదిలి వచ్చాడు. "సీరియల్లో కోట రాజు ఇద్దర్నీ కొట్టుకోమంటే కెంబు కర్ర కింద పడేసి వెళ్ళిపోయాడు. అదీ కథ! ఈ కంపెనీవాళ్ళు మళ్ళీ వాడి చేతికి కర్రిచ్చి కొట్టమంటారా? ఛీ యార్."

"కంపెనీ పెట్టింది గనకే కదా..."

"కంపెనీకి ఇల్లూ వాకిలీ లేదా?"

ముసలయ్య మధ్యలోకి వచ్చి, ఒక ఇంటి పుంజుల మాట తల్లులకి వివరించాడు. కొందరు తలలూపారు. తిరుపతమ్మగారు ఊపలేదు.

"బాగుంది. గురువుని కొట్టకూడదు. మరి మిగతావోళ్ళని కొట్టొచ్చా?"

ఇన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న అదే. నేను కూడా అతని మొహమే చూశాను.

ముసలయ్య తువ్వాలు భుజానేసుకుని, "అమ్మా, సంతల సోమి అని ఒకామె ఉండె. ఆమెకి మగదిక్కు లేదు. పుంజుని సంకలేసుకుని ఆమే వచ్చేది. నువ్వు జోడీ కడితేనే వదుల్త అనేది. ఒకనాడు నేను చూసుడు తప్పిన. పుంజు పోయింది. ఆమె ఒక్కమాట అనలే. నేను మళ్ళ బరి దిక్కు పోలే. ఈడ ఎవరు చావరు. ఓడినోడు మళ్ళ లేచి కూసుంటడు. నాకు గదొక్కటి నచ్చింది. మంచిదో చెడ్డదో చెప్పేటంత చదువు లేదు" అన్నాడు.

తిరుపతమ్మగారు లేచారు. తీర్పు చెబుతారనుకుని అందరూ చెవులు రిక్కించారు. "కొబ్బరికాయ రేపు ఎప్పుడు కొడతావు?" అని మాత్రం అడిగారు.

మర్నాడు పొద్దున నేను ల్యాబ్‌కి ఆలస్యంగా వస్తానని చెప్పి వెళ్ళేసరికి, ఆవిడ నాకంటే ముందే బల్ల మీద ఉన్నారు. ముసలయ్య కాయ కొట్టి, రిమోట్ల మీది కుంకుమ తుడిచాడు.

"ఆడకుండా నానేటీ సెప్పను. నాకు జోడీ ఎవలు?"

అతను అలవాటుగా ఆవిడ వైపు, నా వైపు ఎగాదిగా చూశాడు. "మేడం కూసుంటే సరిపోతది. ఇద్దరికీ ఏమీ రాదు."

ఆవిడ ఒడాకీని తీసుకున్నారు, నేను షిజుని. ఏ బటన్ ఏమిటో మాకిద్దరికీ తెలియదు. అన్నీ కలిపి నొక్కాం. షిజు ఒకసారి అనుకోకుండా ఒడాకీని పడగొట్టింది. అంతే, తిరుపతమ్మగారు పళ్ళు బిగించి, చీర కొంగు దోపుకుని ముందుకు వంగారు. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేకపోయాను. షిజు గోడకి ఆనింది, లేవలేదు. టీవీలో ఉరుము ఉరిమింది.

ఆవిడ గెలిచారు. గెలిచి, రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, తన చేతుల్ని చూసుకున్నారు.

"నాకు నచ్చనేదు ముసలయ్యా."

అతను ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"కోపమొచ్చింది నాకు. ఈ అమ్మాయి మీద. నిజంగా. నిన్నటిదాకా నా సెల్లెల్లాటి పిల్ల." ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "కోపమొచ్చిందని నాకు తెలిసింది. పిల్లలకి తెలుస్తాదా?"

"తెల్వదమ్మా. ఆళ్ళకి తెల్వదు. నేను బొమ్మల దిక్కు చూడ, ఆడేటోళ్ళ మొహాల దిక్కు చూస్త. చెవులు ఎర్రబడ్డాయంటే లేపేస్త. గందుకే నాకు ఇన్ని దినాలైనా ఆట రాలే."

ఆవిడ రిమోట్‌ని తిరిగి పళ్ళెంలో పెట్టారు. బయట నర్సరీ ఆటో హారన్ వినబడింది.

"ఈ గది మూసీస్తే పిల్లలు ఇలాటివి ఇంట్లో ఫోన్లలో ఆడతారు. అక్కడ మొకం సూసీవోడు ఉండడు" అన్నారు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "ఆఫీసుకి నాను సెప్పను. ఉండు. బడి వేళలో షట్టరు దించాల. చంటిపిల్లలొస్తే తల్లి పక్కనుండాల. నాను సెప్పకుండా వస్తాను, ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

"రాండమ్మా. కాని బడి వేళల భీమా లాంటోళ్ళు డ్యూటీ దిగి వస్తరు. ఆళ్ళకి గా టైమే దొరుకుతది."

"పెద్దోళ్ళకైతే తెరుసుకో. యూనిఫారం కనబడిందా, ఊరుకోను."

మా పాప ఇప్పటికీ దిండ్లు తన్నుతుంది. ఆదివారాలు నేనే గదికి తీసుకెళ్తున్నాను. అది తెరని చూస్తుంది, నేను దాని చెవుల్ని చూస్తాను. ఇది మంచిపనేనని ఖాయంగా చెప్పలేను.

పోయిన వారం మేం వెళ్ళేసరికి, దంతెవాడ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడెవరో ఆట ఎలా ఉంటుందని ముసలయ్యని అడుగుతున్నాడు. ముసలయ్య కుర్చీ ముందుకు జరుపుకుని హిందీలో మొదలుపెట్టాడు. దెబ్బకి బరువు లేదని భీమా అంటాడు. బటన్ నొక్కితే ఇంత బాగా కదిలే ఆట లేదని సన్న అంటాడు. "ఇగ మా తిరుపతమ్మగారు," అని నన్ను చూసి తెలుగులోకి మారాడు, "ఆమె ఒక్కసారే ఆడింది. గెలిచింది. ఈ ఆట కోపం తెప్పిస్తది, జాగ్రత్త అంటది. గా మాట ఇనుకోని కూసో."

కుర్రాడు తెలుగు అర్థంకాక తలూపాడు. ముసలయ్య మళ్ళీ హిందీలో చెప్పి, వాడి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలా అని గది అంతా కలయజూశాడు.